24 అడుగుల ట్రావెల్ ట్రెయిలర్‌లో టీవీ: తక్కువ ఖర్చులో ఏది కుదురుతుంది?

#1 · డాలస్ బండి

అందరికీ నమస్కారం. ఉండేది డాలస్ పక్కన. ట్రక్కు వెనక లాగే ట్రెయిలర్ 24 అడుగులు, పాతది. పైన రెక్కల యాంటెన్నా ఉంది, లోపల పిడి తిప్పితే లేస్తుంది. గోడమీద చిన్న ప్లేటు, దానికో బటన్, రెండు కోయాక్స్ (గుండ్రటి టీవీ కేబుల్) సాకెట్లు. టీవీ 32 అంగుళాలు, మామూలు 120 వోల్టులది. బ్యాటరీ ఒక్కటే: 100 ఆంపియర్ అవర్ల లెడ్ యాసిడ్. సోలార్ లేదు.

వేసవిలో అమ్మానాన్న ఆరు వారాలు ఉంటారు. సగం రోజులు టెక్సస్ స్టేట్ పార్కుల్లో, జూలైలో రెండు వారాలు సెంట్రల్ జెర్సీలో క్యాంప్‌గ్రౌండ్. వాళ్లకు తెలుగు వార్తలు, సీరియళ్లు కావాలి. మాకు లోకల్ వాతావరణం, తుఫాను హెచ్చరికలు వస్తే చాలు. బడ్జెట్ 300 డాలర్లు. డోమ్ డిష్ (గుండ్రటి మూత కింద ఉండే శాటిలైట్ డిష్) కొనమని ఒకరు, స్టార్‌లింక్ శాటిలైట్ ఇంటర్నెట్ అని ఇంకొకరు అంటున్నారు. ఉన్న యాంటెన్నాతో స్కాన్ చేస్తే నాలుగే ఛానళ్లు వచ్చాయి. దాన్ని పీకేయమంటారా?

#2 · కోయాక్స్ శాస్త్రి

పీకొద్దు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అవుతుంది. డాలస్ పక్కన ఉండి నాలుగు ఛానళ్లే వచ్చాయంటే యాంటెన్నా బాగోలేక కాదు, దానికి కరెంటు అందక.

ఆ రెక్కల యాంటెన్నా తలలోనే సిగ్నల్ పెంచే యాంప్లిఫయర్ ఉంటుంది. దానికి విడిగా వైరు ఉండదు. గోడ ప్లేటు బటన్ నొక్కితే 12 వోల్టులు అదే కోయాక్స్ గుండా పైకి వెళతాయి, సిగ్నల్ అదే కేబుల్‌లో కిందికి వస్తుంది. బటన్ దగ్గర లైటు వెలగాలి. లైటు ఆరి ఉంటే ప్లేటు యాంటెన్నాను వదిలేసి, పార్కు వాళ్లిచ్చే కేబుల్ టీవీ కోసం బయట గోడకున్న సాకెట్‌ను టీవీకి కలుపుతుంది. అంటే యాంటెన్నా చూడాలంటే లైటు వెలగాలి, పార్కు కేబుల్ చూడాలంటే ఆరాలి. సగం మంది ఇక్కడే బోల్తా పడతారు.

లైటు వెలుగుతున్నా పైకి కరెంటు చేరకపోవచ్చు. మల్టీమీటర్ తీసుకుని వరసగా చూడండి.

ముందు ప్లేటు విప్పి వెనక ఎరుపు, నలుపు వైర్ల మధ్య కొలవండి. 12 పైన ఉండాలి. లేకపోతే ఫ్యూజు చూడండి. తర్వాత పైకెక్కి యాంటెన్నా తల దగ్గర కోయాక్స్ విప్పి, మధ్య తీగకూ బయటి లోహపు కప్పుకూ మధ్య కొలవండి, బటన్ ఆన్‌లోనే ఉంచి. అక్కడా 12 దగ్గర ఉండాలి. కింద ఉండి పైన లేకపోతే తప్పు కేబుల్‌ది. పైన కూడా ఉంటే, అప్పుడు యాంటెన్నా తల మీద అనుమానం పెట్టుకోవచ్చు.

రూఫ్ మీద రబ్బరు పొర ఉంటే మోకాళ్ల కింద ప్లైవుడ్ ముక్క వేసుకోండి. తడి రోజున ఎక్కొద్దు.

#3 · రేకు డబ్బా

ఇంకోటి. టీవీ మెనూలో స్కాన్ ముందు యాంటెన్నానా, కేబులా అని అడుగుతుంది. కేబుల్ మీద ఉండి స్కాన్ చేస్తే గాల్లో సిగ్నల్ ఎంత ఉన్నా సున్నా, లేదా ఏవో రెండు మూడు. పార్కు మారినప్పుడల్లా చూసుకోవాల్సిన మొదటి పని ఇది. పైసా ఖర్చు లేదు.

#4 · డాలస్ బండి

చూశాను. మెనూ యాంటెన్నా మీదే ఉంది. లైటు వెలుగుతోంది. ప్లేటు వెనక 13.1. రూఫ్ మీద తల దగ్గర 0. బెడ్‌రూమ్ టీవీ కోసం ఎవరో మధ్యలో ఒక స్ప్లిటర్ (ఒక కేబుల్‌ను రెండుగా చీల్చేది) పెట్టినట్టున్నారు, అల్మరా వెనక కనపడింది.

#5 · కోయాక్స్ శాస్త్రి

దొరికింది దొంగ. ఆ స్ప్లిటర్ యాంటెన్నాకూ ప్లేటుకూ మధ్యలో ఉందా? మామూలు స్ప్లిటర్ డీసీని, అంటే పైకి వెళ్లే ఆ 12 వోల్టులను, ఆపేస్తుంది. ఒక్క మార్గంలోనే డీసీ వదిలేవీ ఉంటాయి, వాటిమీద రాసి ఉంటుంది. ఏదైనా సరే, స్ప్లిటర్ ఉండాల్సిన చోటు ప్లేటు తర్వాత, టీవీల వైపు. యాంటెన్నా నుంచి ప్లేటు దాకా ఒకే కేబుల్, మధ్యలో ఏమీ ఉండకూడదు. చాలా ప్లేట్లకు రెండో టీవీ కోసం వెనక విడి అవుట్‌పుట్ ఉంటుంది, బెడ్‌రూమ్ తీగ అక్కడికి మార్చండి.

స్ప్లిటర్ తీసేశాక కూడా పైన సున్నాయే ఉంటే కేబుల్‌ను రెండు చివరలా విప్పి, మీటర్‌ను బీప్ మీద పెట్టండి. మధ్య తీగకూ కప్పుకూ మధ్య బీప్ రాకూడదు. వస్తే ఎక్కడో షార్ట్, ఎక్కువసార్లు కనెక్టర్‌లో జాలీ (ఆ కప్పులోని అల్లిక) తీగ ఒకటి మధ్య తీగకు తగులుతుంటుంది. తర్వాత ఒక చివర రెంటినీ చిన్న తీగతో కలిపి రెండో చివర చూడండి. ఇప్పుడు బీప్ రావాలి. రాకపోతే తెగింది. తెగేది ఎక్కువగా యాంటెన్నా లేచి దిగే మడత దగ్గరే.

కనెక్టర్ మార్చాల్సి వస్తే తిప్పి బిగించే రకం వద్దు, దారి కుదుపులకు వదులైపోతుంది. పనిముట్టుతో నొక్కి బిగించే కంప్రెషన్ రకం వేయండి. కేబుల్ తొడుగు మీద ఆర్‌జీ-6 అని ఉందా, ఆర్‌జీ-59 అని ఉందా చదివి దానికి సరిపోయేది కొనండి, రెండింటి కొలతలు వేరు. మధ్య తీగ పావు అంగుళం, దాని వెనక తెల్ల ఇన్సులేషన్ ఇంకో పావు అంగుళం బయటపడేలా ఒలవండి. జాలీని వెనక్కి మడిచి ఒక్క పోగు కూడా ముందుకు రాకుండా చూడండి. తెల్ల ఇన్సులేషన్ కనెక్టర్ లోపలి అంచుతో సమంగా వచ్చేదాకా నెట్టి, అప్పుడు నొక్కండి. రూఫ్ మీది జాయింటుకు తనకు తానే అతుక్కునే సిలికాన్ టేపు చుట్టండి. మామూలు నల్ల టేపు టెక్సస్ ఎండకు ఒక్క వేసవిలో జిగురై కారుతుంది.

#6 · టవర్ దిక్కు

కరెంటు సంగతి శాస్త్రి గారు తేల్చారు, దిక్కు సంగతి నేను చెబుతా. రెక్కల యాంటెన్నా అన్నివైపులా సమంగా వినదు. సీలింగ్ పిడి దగ్గర బాణం గుర్తు ఉంటుంది, అది టవర్ల వైపు చూడాలి. డాలస్-ఫోర్ట్‌వర్త్ టవర్లు చాలావరకు సీడర్ హిల్‌లో ఉన్నాయి, అంటే ప్లేనో, ఫ్రిస్కో వైపు ఉంటే మీకు దాదాపు దక్షిణం. మిగతా ఊళ్లకు ఎఫ్‌సీసీ (ప్రసారాలను చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ) డీటీవీ మ్యాప్‌లో గానీ రాబిట్ ఇయర్స్ సైట్‌లో గానీ క్యాంప్‌గ్రౌండ్ అడ్రసు కొడితే ఏ స్టేషన్ ఏ దిక్కున ఉందో, ఎంత బలంగా వస్తుందో చూపిస్తాయి. బయల్దేరక ముందే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, పార్కులో నెట్ ఉండకపోవచ్చు.

ఆ పట్టికలో రెండు నంబర్లు కనిపిస్తాయి. తెరమీద కనిపించే ఛానల్ నంబరు పేరు మాత్రమే. యాంటెన్నాకు కావాల్సింది ఆర్ఎఫ్ నంబరు, అంటే సిగ్నల్ నిజంగా ఏ తరంగం మీద వస్తుందో ఆ నంబరు. నంబరు చిన్నదైతే తరంగం పొడుగు. 2 నుంచి 6 వరకు లో వీహెచ్ఎఫ్, 7 నుంచి 13 హై వీహెచ్ఎఫ్, 14 నుంచి 36 యూహెచ్ఎఫ్. 36 పైన ఇప్పుడు టీవీ లేదు. 2020 జూలైకల్లా స్టేషన్లన్నిటినీ కిందికి సర్ది, ఆ పై జాగాను సెల్ కంపెనీలకు ఇచ్చేశారు.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, డాలస్‌లో డబ్ల్యూఎఫ్ఏఏ స్టేషన్ నిజంగానే ఆర్ఎఫ్ 8 మీద ఉంది. దాని సగం తరంగం పొడవు సుమారు 82 సెంటీమీటర్లు, అంటే 32 అంగుళాలు, యాంటెన్నా కూడా దానికి తగ్గ సైజులో ఉంటే బాగా పడుతుంది. కిటికీకి అంటించే పల్చటి ప్లాస్టిక్ షీట్ యాంటెన్నాలు చాలావరకు యూహెచ్ఎఫ్ కోసం చేసినవి. మిగతావన్నీ వచ్చి 8 ఒక్కటీ రాలేదంటే కారణం ఇదే. మీ రెక్కల యాంటెన్నా రెండూ పడుతుంది. అందుకే పీకొద్దు అన్నారు.

వరస తప్పకండి: ముందు లేపి, తర్వాత టవర్ల వైపు తిప్పి, బటన్ ఆన్ చేసి, ఆఖర్న స్కాన్. స్కాన్ చేసిన క్షణంలో దొరికినవే టీవీ గుర్తుపెట్టుకుంటుంది. స్కాన్ అయ్యాక తిప్పితే కొత్తవి వాటంతట అవి రావు.

#7 · సందేహాల రావు

ఆన్‌లైన్‌లో 35 డాలర్లకు 250 మైళ్ల యాంటెన్నా అని ఉంది. ట్రెయిలర్‌కు బిగిస్తే ఆ ఇబ్బందంతా పోదా?

#8 · టవర్ దిక్కు

రావు గారూ, భూమి గుండ్రంగా ఉన్నంతకాలం పోదు. లెక్క చిన్నది. ఎత్తును అడుగుల్లో తీసుకుని, వర్గమూలం తీసి, 1.41తో గుణిస్తే ఆ ఎత్తు నుంచి రేడియో కనుచూపు మైళ్లలో వస్తుంది. టవర్‌కూ యాంటెన్నాకూ విడివిడిగా చేసి కలపాలి. 1,500 అడుగుల టవర్‌కు దాదాపు 55 మైళ్లు, 15 అడుగుల ఎత్తున్న ట్రెయిలర్ యాంటెన్నాకు ఐదున్నర. మొత్తం 60. అంతకు మించి అప్పుడప్పుడు వాతావరణం కలిసొచ్చి వస్తే రావచ్చు గానీ దాన్ని నమ్మి డబ్బు పెట్టలేం. డబ్బా మీద 250 అని రాస్తే అది అంకె, దూరం కాదు.

ఎత్తు పెంచితే? 15ను 30 అడుగులు చేస్తే లెక్క ప్రకారం పెరిగేది రెండు మైళ్ల పైచిలుకు. కానీ పక్క బండ్ల రేకు గోడలు, చెట్ల ఆకులు దాటిపోతుంది, అసలు లాభం అక్కడ. ఒకే చోట రెండు వారాలుండేవాళ్లు ఫ్లాగ్‌పోల్ మీద చిన్న యాగీ యాంటెన్నా (ఒకే దిక్కును గట్టిగా వినేది) పెట్టేది అందుకే. పైన కరెంటు తీగలు ఉన్నచోట మాత్రం అసలు లేపొద్దు.

దీనికి తిరగేసిన కేసు కూడా ఉంది. టవర్లకు ఐదారు మైళ్లలో పార్క్ చేస్తే యాంప్లిఫయర్ ఉక్కిరిబిక్కిరై ఛానళ్లు తగ్గిపోతాయి. రెక్కల యాంటెన్నాలో దాన్ని విడిగా ఆపే వీల్లేదు, బటన్ ఆపితే యాంటెన్నాయే ఆగుతుంది. అప్పుడు తలను కావాలనే పక్కకు తిప్పండి, లేదా యాంటెన్నా దించేసి స్కాన్ చేయండి. సెల్ టవర్ పక్కన ఉంటే 600 మెగాహెర్ట్జ్ 5జీ వల్ల కూడా ఇదే గోల. ఆ బ్యాండును కూడా ఆపే ఫిల్టర్ చూసి కొనాలి. పాత ఎల్‌టీఈ (4జీ) ఫిల్టర్లు 700 మెగాహెర్ట్జ్ నుంచే ఆపుతాయి, ఇక్కడ పనికిరావు.

#9 · రేకు డబ్బా

కిటికీ షీట్ యాంటెన్నా గురించి ఒక మాట. బయట అల్యూమినియం రేకు ఉన్న ట్రెయిలర్‌లో అది డబ్బాలో పెట్టిన రేడియోలాంటిది. ఫైబర్‌గ్లాస్ గోడలైతే కొంత నయం, కానీ లోపల అల్యూమినియం ఫ్రేమూ, రేకు అతికించిన ఇన్సులేషనూ ఉంటాయి. డేరా కప్పు కింద, బయట ఊచకు వేలాడదీస్తే అదే షీటు రెట్టింపు ఛానళ్లు ఇవ్వొచ్చు.

గుండ్రటి పళ్లెంలా ఉండి తిప్పే పని లేని యాంటెన్నాలు కొత్త బండ్లలో వస్తున్నాయి. బాగానే ఉంటాయి. కానీ అన్ని దిక్కులా వింటుంది కాబట్టి ఏ దిక్కునా గట్టిగా వినదు, కొండకు తగిలి తిరిగొచ్చే సిగ్నల్‌ను కూడా వింటుంది. రెక్కలు పనిచేస్తుంటే దాన్ని తీసి ఇది పెట్టడం దండగ.

#10 · డాలస్ బండి

స్ప్లిటర్ తీసి, కేబుల్ నేరుగా ప్లేటుకు ఇచ్చాను. పైన 12.8. దక్షిణానికి తిప్పి స్కాన్ చేస్తే సబ్ ఛానళ్లతో కలిపి లెక్కపెట్టలేనన్ని. 8 మాత్రం రాత్రి లైట్లు వేసినప్పుడు గళ్లు గళ్లుగా విరుగుతోంది. పగలు బాగుంది.

#11 · పన్నెండు వోల్టులు

లైట్లే దొంగలు. చవక ఎల్‌ఈడీ బల్బుల్లోని చిన్న సర్క్యూట్ వీహెచ్ఎఫ్‌లో రొద పుట్టిస్తుంది. యూహెచ్ఎఫ్‌కు పెద్దగా తగలదు, అందుకే 8 ఒక్కటే విరుగుతోంది. ఒక్కో లైటూ ఆర్పుతూ టీవీ సిగ్నల్ మీటర్ చూడండి, ఏది ఆర్పితే పెరిగిందో అదే. బల్బు మార్చడమో, దాని తీగకు రొదను అణిచే ఫెర్రైట్ క్లిప్ వేయడమో. 12 వోల్టుల యూఎస్‌బీ చార్జర్లు, ఇన్వర్టర్, ట్రెయిలర్ కన్వర్టర్ (120 వోల్టులను 12 చేసే డబ్బా) కూడా ఇదే పని చేస్తాయి. కన్వర్టర్ బ్రేకర్ దించి కాసేపు బ్యాటరీ మీద నడిపితే తేలిపోతుంది.

డిజిటల్‌లో మధ్యేమార్గం లేదు. సిగ్నల్‌కూ రొదకూ తేడా 15 డెసిబెల్స్ పైన ఉంటే బొమ్మ అద్దంలా ఉంటుంది, ఆ గీత కిందికి దిగితే గళ్లు, తర్వాత నల్ల తెర. అంచు మీదున్న ఛానల్‌ను ఒక బల్బు కూడా పడేస్తుంది.

ఇక కరెంటు లెక్క. హుక్అప్ (బండికి కరెంటు కనెక్షన్) ఉన్న పార్కులో దీని గొడవ లేదు. లేనిచోట 100 ఆంపియర్ అవర్ల లెడ్ యాసిడ్‌లో వాడదగ్గది 50. మీ 32 అంగుళాల టీవీ 35 వాట్లు తింటుందనుకుందాం, ఇన్వర్టర్ నష్టం కలిపితే 41, అంటే సుమారు 3.4 ఆంపియర్లు. నాలుగు గంటలకు 14. అదేం పెద్దది కాదు. అసలు తినేది ఖాళీగా ఆన్‌లో వదిలేసిన ఇన్వర్టర్. అది 0.7 ఆంపియర్ లాగుతూ ఉంటే రోజుకు 17 ఆంపియర్ అవర్లు, టీవీ కన్నా ఎక్కువ! చూడడం అయిపోగానే ఆపేయండి.

వెయ్యి వాట్ల ఇన్వర్టర్ అక్కర్లేదు, 300 వాట్ల ప్యూర్ సైన్ (ఇంటి కరెంటులాంటి నున్నటి అల ఇచ్చేది) చాలు. టీవీకి బయట అడాప్టర్ డబ్బా ఉంటే దాని మీద అవుట్‌పుట్ చదవండి. 19 వోల్టులుంటే 12 నుంచి 19కి పెంచే డీసీ కన్వర్టర్ పెట్టి ఇన్వర్టర్‌నే ఎగ్గొట్టవచ్చు. 12 అని ఉన్నా నేరుగా బ్యాటరీకి కలపొద్దు. చార్జింగ్‌లో బ్యాటరీ లైను 14.4 దాకా వెళుతుంది, 12 వోల్టుల స్టెబిలైజర్ మధ్యలో ఉండాలి.

#12 · శాటిలైట్ సుబ్బయ్య

అందరూ యాంటెన్నా అంటున్నారు, సరే. టవర్లు లేని చోట? పశ్చిమ టెక్సస్ మూల బిగ్ బెండ్ పార్కులో ఏం చూస్తారు? డిష్ కంపెనీ వాళ్ల నెలకు నెల కట్టే ప్లాన్, తనంతట తనే శాటిలైట్‌ను వెతుక్కునే చిన్న డోమ్, వాళ్లదే వాలీ అనే రిసీవర్ ఉంటే ఆకాశం కనపడే ప్రతిచోటా టీవీ. వాడని నెలకు కట్టక్కర్లేదు.

చవకలో కావాలంటే డోమ్ మానేసి ఇళ్లమీద ఉండే మామూలు డిష్‌ను ట్రైపాడ్ మీద పెట్టుకోండి. చాలామంది చెత్తలో పడేస్తుంటారు. ట్రైపాడ్ గొట్టం నిట్టనిలువుగా ఉండాలి, లెవెల్ పెట్టి చూడండి. అది ఒక డిగ్రీ వంగితే మిగతా అంకెలన్నీ అబద్ధమవుతాయి. రిసీవర్ మెనూలో డిష్ తిప్పే పేజీ ఉంటుంది, జిప్ కోడ్ ఇస్తే ఎలివేషన్ (ఎంత పైకి చూడాలి), స్క్యూ (డిష్ ఎంత పక్కకు వాలాలి), అజిమత్ (ఏ దిక్కు) చెబుతుంది. మొదటి రెండూ డిష్ మీది గీతలకు పెట్టి బిగించి, తర్వాత పక్కకు మాత్రమే నెమ్మదిగా జరపాలి. ఒక్కసారికి రెండు డిగ్రీలు, ఆగి, మీటర్ చూసి, మళ్లీ. గబగబా తిప్పితే శాటిలైట్ దాటిపోయినా తెలియదు, రిసీవర్‌కు లాక్ కావడానికి కొన్ని సెకన్లు పడుతుంది.

పాత రిసీవర్ కొనేముందు అది పాత యజమాని ఖాతా నుంచి విడిపోయిందో లేదో కంపెనీకి ఫోన్ చేసి నంబరు చెప్పి కనుక్కోండి. లేకపోతే అది పేపర్‌వెయిట్.

#13 · టవర్ దిక్కు

సుబ్బయ్య గారి మాట టెక్సస్ బయలుకు సరిపోతుంది. జెర్సీ అడవికి సరిపోదు. డాలస్ నుంచి ఆ కంపెనీ 119 డిగ్రీల పశ్చిమ శాటిలైట్ నైరుతిలో 217 డిగ్రీల దిక్కున, 45 డిగ్రీల ఎత్తున ఉంటుంది. సెంట్రల్ జెర్సీ నుంచి అదే శాటిలైట్ 236 దిక్కున 25 డిగ్రీలే. 129 డిగ్రీల పశ్చిమ శాటిలైట్ అయితే 18. ఎత్తు 45 ఉంటే 40 అడుగుల చెట్టుకు 40 అడుగులు ఎడం చాలు. 25కు 86 అడుగులు, 18కి 120 దాటాలి. క్యాంప్‌సైట్‌లో అంత ఖాళీ ఎక్కడుంది?

ఆ కంపెనీకే తూర్పున ఇంకో శాటిలైట్ల వరస ఉంది, అందులోని 61.5 డిగ్రీల పశ్చిమ శాటిలైట్ అక్కడ్నుంచి 160 దిక్కున 41 డిగ్రీల ఎత్తున దొరుకుతుంది. కాబట్టి జెర్సీ వెళ్లేవాళ్లు తూర్పు వరస కూడా పట్టే యాంటెన్నా అయితేనే కొనాలి. ఇంకో చిక్కు, ఇవి నిజ ఉత్తరం నుంచి లెక్కలు. జెర్సీలో ఫోన్ దిక్సూచి అయస్కాంత ఉత్తరం మీద ఉంటే ఒక 12 డిగ్రీలు కలుపుకుని చూడాలి.

#14 · రేకు డబ్బా

సుబ్బయ్య గారూ, కోపం తెచ్చుకోకండి. ఆ డోమ్, రిసీవర్ కొంటేనే ఈయన 300 దాటిపోతుంది, నెల బిల్లు వేరే. అన్నీ అయ్యాక అమ్మానాన్నలకు ఇంగ్లిష్ ఛానళ్లు! వాళ్లకు కావాల్సింది తెలుగు. అది ఇప్పుడు నెట్‌లోనే.

#15 · నెట్ నాని

అవును, తెలుగు కోసం నెట్ మీదికే రావాలి. యప్ టీవీ, స్లింగ్ తెలుగు ప్యాకులు, సన్ నెక్స్ట్, ఈటీవీ విన్, ఆహా, ఇంకా వార్తా ఛానళ్ల యూట్యూబ్ లైవ్. ఈ ఆఖరిది ఉచితం, పెద్దవాళ్లకు సగం రోజు దానితోనే గడిచిపోతుంది. ఏ ప్యాకులో ఏ ఛానల్ ఉందో నెలనెలా మారుతుంది, కట్టేరోజు చూసుకోండి. ఏడాది కట్టకుండా నెల కట్టండి.

డేటా లెక్క గుర్తుంచుకోవడం సులువు: సెకనుకు ఒక మెగాబిట్ అంటే గంటకు 0.45 జీబీ. 480పీ ఒకటిన్నర మెగాబిట్ దాకా, గంటకు 0.7 జీబీ. 720పీ రెండున్నర అనుకుంటే 1.1. 1080పీ ఐదు అనుకుంటే 2.25. రోజుకు ఐదు గంటలు చూసే పెద్దవాళ్లకు 480పీలో నెలకు దాదాపు 100 జీబీ, 1080పీలో 340. 32 అంగుళాల తెర మీద 480పీకీ 720పీకీ తేడా వాళ్లు పట్టించుకోరు. యాప్‌లో క్వాలిటీని ఆటో మీద వదలకుండా కట్టేయండి. కొన్ని ఫోన్ ప్లాన్లు వీడియోను ఎలాగూ 480పీకి కుదిస్తాయి, హాట్‌స్పాట్ కోటా దాటాక మరీ నెమ్మదిస్తాయి. ఫోన్ ప్లాన్‌లో ‘అన్‌లిమిటెడ్’ పక్కన నక్షత్రం (*) గుర్తు ఉంటే కింది చిన్న అక్షరాలు చదవండి.

ఫోన్‌ను నేరుగా హెచ్‌డీఎంఐతో టీవీకి కలుపుదామంటే, ముందు ఫోన్ యూఎస్‌బీ-సీ సాకెట్ వీడియో ఇస్తుందో లేదో చూడాలి, అన్నీ ఇవ్వవు. టీవీ స్టిక్ ఉత్తమం. పార్కు వైఫైలో స్టిక్‌తో ఒక చిక్కు: లాగిన్ పేజీ అడుగుతుంది, స్టిక్‌లో అది ఒక్కోసారి తెరుచుకోదు. చిన్న ట్రావెల్ రౌటర్ కొంటే, అది పార్కు వైఫై పట్టుకుని మీ సొంత పేరుతో లోపల పంచుతుంది. లాగిన్ ఒకేసారి ఫోన్‌తో చేస్తారు, టీవీకి ఎక్కడికెళ్లినా అదే పేరు, అదే పాస్‌వర్డ్. అయితే సాయంత్రం ఏడు దాటాక పార్కు వైఫై మీద ఆశ పెట్టుకోకండి, పార్కంతా అప్పుడే చూస్తుంది.

స్టార్‌లింక్ మినీ గురించి. మంచిదే. 12 నుంచి 48 వోల్టుల డీసీ నేరుగా తీసుకుంటుంది, 25 నుంచి 40 వాట్లు. రోజుకు ఐదు గంటలంటే 30 వాట్ల లెక్కన 12.5 ఆంపియర్ అవర్లు, మీ బ్యాటరీ భరిస్తుంది. కానీ 12 వోల్టుల మీద సన్నటి పొడుగాటి వైరు వేస్తే వోల్టేజ్ పడిపోయి మాటిమాటికీ రీబూట్ అవుతుంది. లావు వైరు వేయండి, లేదా 24కు పెంచే కన్వర్టర్ పెట్టండి. దానికి కూడా చెట్లు శత్రువులే, తెరిచి ఉన్న ఆకాశం కావాలి. ఇంట్లో ఉన్న సెల్ సిగ్నల్ పార్కులోనూ ఉంటే దీని అవసరం లేదు. మీ ట్రిప్పుల జాబితాకు కంపెనీల కవరేజ్ మ్యాప్‌లు ఒకసారి పెట్టి చూడండి, డాలస్ చుట్టుపక్కల స్టేట్ పార్కుల్లో చాలావాటికి సెల్ నెట్ సరిపోతుంది.

యూట్యూబ్ టీవీలాంటి లైవ్ ప్యాక్ ఉంటే ఇంకో షరతు. వేరే ఊళ్లో ఆ ఊరి లోకల్ ఛానళ్లు చూపిస్తుంది, మూడు నెలలకు ఒకసారైనా ఇంటి ఊరి నుంచి తెరవాలి. మీకు యాంటెన్నాలో లోకల్ వస్తోంది కాబట్టి ఆ ఖర్చే వద్దు.

#16 · భాగ్యనగరం క్యాంపర్

మధ్యలో వస్తున్నా, మాఫ్ చేయండ్రి. ఇక్కడ హైదరాబాద్ దిక్కు క్యారవాన్ తయారు చేయిస్తున్నోళ్లకు ఏది మంచిది?

#17 · శాటిలైట్ సుబ్బయ్య

అన్నా, అక్కడైతే మొదట డీడీ ఫ్రీ డిష్. 60 సెంటీమీటర్ల డిష్, సెట్‌టాప్ బాక్స్ ఒక్కసారి కొంటే నెల బిల్లు లేదు. డీడీ యాదగిరి, డీడీ సప్తగిరి అందులోనే వస్తాయి. దాని శాటిలైట్ జీశాట్-15, 93.5 డిగ్రీల తూర్పు. హైదరాబాద్ నుంచి ఆగ్నేయంలో 138 దిక్కున, 63 డిగ్రీల ఎత్తున ఉంటుంది, అంటే దాదాపు నెత్తిమీద. చెట్ల బాధ తక్కువ. డిష్‌ను చూస్తే అంత పైకి చూస్తున్నట్టు అనిపించదు, ఆఫ్‌సెట్ డిష్ (సిగ్నల్‌ను వంకరగా పట్టి కింది చేతికి పంపేది) కాబట్టి. కంటికి కాదు, వెనక బ్రాకెట్ మీది అంకెకు పెట్టాలి. సెట్‌టాప్ బాక్సుల్లో 12 వోల్టుల అడాప్టర్‌తో నడిచేది ఏరుకుంటే ఇన్వర్టర్ తప్పుతుంది.

#18 · డాలస్ బండి

అందరికీ ధన్యవాదాలు. బల్బు దొరికింది, స్టవ్ మీదిది. అది మారిస్తే 8 నిలబడింది. ఇప్పుడు అనుకుంటున్నది: ఉన్న యాంటెన్నా, కంప్రెషన్ కనెక్టర్ల కిట్, 300 వాట్ల ఇన్వర్టర్, ట్రావెల్ రౌటర్, టీవీ స్టిక్, ఆరు వారాలకు ఒక హాట్‌స్పాట్ ప్లాన్. డోమ్, స్టార్‌లింక్ ప్రస్తుతానికి లేవు. కొత్త ఏటీఎస్‌సీ 3.0 (గాల్లో వచ్చే టీవీ ప్రసారాల కొత్త పద్ధతి) టీవీ కొనాలా? జెర్సీలో యాంటెన్నా ఎటు తిప్పాలి?

#19 · టవర్ దిక్కు

3.0 కోసం ఇప్పుడు టీవీ మార్చకండి. పాత 1.0 ప్రసారాలు ఇంకా నడుస్తున్నాయి. కొత్త ప్రసారాల్లో చాలా స్టేషన్లు తాళం వేసి పంపుతున్నాయి, కొన్ని ట్యూనర్ డబ్బాలు వాటిని తెరవలేవు.

సెంట్రల్ జెర్సీలో రెండు ఊళ్లూ అందుతాయి, ఎదురెదురు దిక్కుల్లో. ఈశాన్యంలో న్యూయార్క్, నైరుతిలో ఫిలడెల్ఫియా, అక్కడి టవర్లు రాక్స్‌బరోలో. న్యూయార్క్‌లో డబ్ల్యూఏబీసీ ఆర్ఎఫ్ 7, డబ్ల్యూపీఐఎక్స్ 11, ఇవి హై వీహెచ్ఎఫ్, మీ రెక్కలకు పర్లేదు. ముందు ఒకవైపు తిప్పి పూర్తి స్కాన్ చేయండి. రెండోవైపు తిప్పాక మళ్లీ పూర్తి స్కాన్ చేస్తే మొదటివి చెరిగిపోతాయి. మెనూలో ‘కొత్తవి మాత్రమే చేర్చు’ లాంటిది ఉంటే అది వాడండి.

ఫిలడెల్ఫియా డబ్ల్యూపీవీఐ మాత్రం ఆర్ఎఫ్ 6 మీద ఉంది, లో వీహెచ్ఎఫ్. రెక్కలకు అది అందకపోతే యాంటెన్నాను తప్పు పట్టొద్దు, దాని సగం తరంగం 176 సెంటీమీటర్లు. పది డాలర్ల పాతకాలపు రెండు కడ్డీల యాంటెన్నా తెచ్చి, ఒక్కో కడ్డీని 88 సెంటీమీటర్లకు లాగి, అడ్డంగా పరిచి, బండి బయట బల్ల మీద పెట్టి టీవీకి నేరుగా ఇవ్వండి. రేకు గోడకు మూడు నాలుగు అడుగుల దూరంలో ఉండాలి.

#20 · కోయాక్స్ శాస్త్రి

ఒకటి మిగిలింది. యాంటెన్నాను దించేముందు సీలింగ్ పిడి బాణాన్ని ప్రయాణపు గుర్తుకు తెచ్చి, అప్పుడే క్రాంక్ తిప్పాలి. పక్కకు తిరిగి ఉండగా దించితే రెక్క ఏసీ కప్పుకో, వెంట్‌కో తగిలి విరుగుతుంది. లేపినప్పుడల్లా క్రాంక్‌కు ఒక ఎర్ర గుడ్డ, అలాంటిదే ట్రక్కు స్టీరింగ్‌కు ఒకటి కట్టండి. పెట్రోల్ బంక్ రేకు కప్పు 14 అడుగుల ఎత్తుంటే, లేచి ఉన్న మీ యాంటెన్నా దానికన్నా పైనే ఉంటుంది.